నూట నలభై మూడో ప్రశ్న

డ్యూటీ లేని రోజు
చిక్కడపల్లి లైబ్రరీలో ఫ్యాను కింద కుర్చీ కావాలంటే
గేటు తీయకముందే నిలబడాలి.
గ్రూప్ వన్ వాళ్లు, ఎస్సై వాళ్లు, డీఎస్సీ వాళ్లు
పరుగెత్తి రుమాళ్లు పరుస్తారు.
వాళ్ల మధ్య ముప్పై మూడేళ్లదాన్ని నేను,
కాకతీయుల పన్నుల పక్కన కూర్చుని
కాలేయపు ఎంజైములు బట్టీ పడుతూ.

"మీది ఏ నోటిఫికేషన్ అక్కా?" అడిగాడు పక్క కుర్రాడు.
ఫ్యామిలీ డాక్టర్ పరీక్ష, అన్నాను.
"డాక్టరయ్యాక కూడానా?"
జాలిపడి సగం సమోసా తుంచి ఇచ్చాడు.

పోయినసారి తొమ్మిది మార్కులు తగ్గాయి.
తొమ్మిదంటే ఎంతో నాకు తెలుసు:
ఒక దద్దురు, రెండు దగ్గులు,
గర్భిణికి ఇవ్వకూడని మాత్ర ఒకటి,
మిగతావి నిద్ర.

మిగిలిన రోజులన్నీ వారాసిగూడ బస్తీ దవాఖానా.
అక్కడికెవరూ నాలుగు ఆప్షన్లు పట్టుకుని రారు.
"ఒళ్లంత ఒకతీరుగున్నది బిడ్డా" అంటూ వస్తారు.
ఒకతీరు.
ఏ పుస్తకం విషయసూచికలోనూ లేని జబ్బు.
రక్తం తక్కువ కావచ్చు, థైరాయిడ్ కావచ్చు,
కిరాయి పెంచిన ఓనరు కావచ్చు.

మల్కమ్మ నెలనెలా మొదటి మంగళవారం వస్తుంది,
గాజుల మీద ఎండిన ఇడ్లీ పిండితో.
షుగరు దిగదు.
మేలో మాత్ర పెంచాను.
ఆగస్టులో ఇంకోటి కలిపాను.
అన్నం తగ్గించమన్నాను, నడవమన్నాను.
"నడుసుడా? నాలుగింటికి లేసి
బండి నూకుతనే ఉంట గద" అని నవ్వింది.
నేను మాత్రం చీటీలో 'నడక' కింద
ఇంకో గీత గీశాను.

రాత్రి పార్సిగుట్ట గదిలో
రూమ్మేట్ నిద్రపోయాక
దుప్పటి కింద ఫోను వెలుగులో మాక్ టెస్టు.
నూట నలభై మూడో ప్రశ్న:
యాభై ఆరేళ్ల స్త్రీ. మందులు పెంచినా షుగరు అదుపులో లేదు.
తర్వాత మీరు చేయవలసిన పని?
ఎ. మోతాదు ఇంకా పెంచాలి.
బి. ఇన్సులిన్ మొదలుపెట్టాలి.
సి. పెద్దాసుపత్రికి పంపాలి.
డి. మందులు ఎలా వేసుకుంటున్నదో అడగాలి.

డి.
ఆరు సెకన్లు పట్టింది.
ఆకుపచ్చ టిక్కు పడింది.
నూట నలభై నాలుగుకు వెళ్లిపోయాను.

పళ్లు తోముకుంటుంటే తగిలింది,
నోటి నిండా నురగతో ఆగిపోయాను.
మేలో అడగలేదు. ఆగస్టులో అడగలేదు.
మార్కు వచ్చే చోట అడిగాను.

మంగళవారం దాకా ఆగలేకపోయాను.
ఆదివారం లైబ్రరీ మానేసి
మెట్టుగూడ మూల మీద ఆమె బండి ముందు నిలబడ్డాను.
రెండిడ్లీ తిన్నాక గొంతు పెగిలింది.
"మాత్రలు ఎట్ల ఏసుకుంటున్నవ్ మల్కమ్మా?"

చట్నీ గరిటె గాల్లోనే ఉండిపోయింది.
"నేను సగం, మా చెల్లె సగం.
దానికి గూడ ఉన్నది.
దవాఖాన తెరిసేటాల్లకు కంపెనిల ఉంటది,
మూసినంక ఇంటికొస్తది. ఆదివారం గూడ ఓటీ."
కాసేపు ఆగి, కృతజ్ఞతగా:
"దేవుని లెక్క మీరు పెంచిన్రు గద,
అప్పటిసంది ఇద్దరికి సరిపోతున్నయి."

నా చేతిలో చదువుకునే కార్డొకటి ఉంది.
ముందువైపు, ఏ మందు ఎవరికి ఇవ్వకూడదో.
వెనకవైపు రాసుకున్నాను:
చంద్రకళ. రేపు రాత్రి ఎనిమిదింటికి.
షుగరు మిషను మర్చిపోవద్దు.
ఇడ్లీలకు డబ్బులు తీసుకోలేదామె.

లైబ్రరీ చేరేసరికి పదయింది.
నా కుర్చీలో ఎవరో తెలంగాణ మ్యాపు పరిచారు.
ఫ్యాను గాలి రాని మూల దొరికింది.
పరీక్ష ఇంకా పందొమ్మిది రోజులు.
ఒకటో ప్రశ్న నుంచి మళ్లీ మొదలుపెట్టాను,
నలభై ఏళ్ల పురుషుడికి, ఇరవై రెండేళ్ల స్త్రీకి,
ఏడు నెలల శిశువుకి
పెన్సిలుతో ఒక్కో పేరు పెట్టుకుంటూ.

ఇలా చదివితే టైము చాలదు.
తెలుసు.